ఎన్నో కాన్పు

"ఎన్నో కాన్పమ్మా?" అని అడిగింది నర్సు జ్ఞానమ్మ, కార్డు మోకాలి మీద పెట్టుకుని.

"ఎనిమిదోదండి," అంది వెంకటరమణమ్మ.

అనేసిన తర్వాత గాని తనేం అందో ఆమెకు తెలియలేదు. నర్సు తన జబ్బకి రక్తపోటు చూసే పట్టా చుట్టి గాలి కొడుతుంటే అదెక్కడ పేలిపోతుందో అని దానివైపే చూస్తోంది. మరదలు సీతారత్నం మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసు కింద పడలేదు. పడినా బాగుండేది, అందరూ దాని సంగతి చూసుకునేవారు.

"ఎనిమిదేంటి వదినా? పిల్లలు ఆరుగురే కదా. ఇది ఏడోది కదా?"

"మధ్యలో ఒకటి పోయిందిలే సీతా."

జ్ఞానమ్మ తలెత్తకుండా రాసుకుంది. ఇది ఎనిమిదో కాన్పు, బతికున్నవాళ్ళు ఆరుగురు. తర్వాత రమణమ్మ పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడి, ఎంతసేపటికీ పూడలేదు.

"ఇదిగో రమణమ్మగారూ, చెప్తున్నాను వినండి. రక్తం బాగా తక్కువుంది. ఈ వాపు నాకేం నచ్చలేదు. నొప్పులు మొదలవగానే అమలాపురం ఆసుపత్రికి పట్టుకెళ్ళిపోవాలి. ఇక్కడున్నారు కాబట్టి సరిపోయింది. మీ కాట్రేనికోనలో ఉంటే బండి కట్టి, బస్సు పట్టుకుని, వచ్చేలోపు..."

మిగతాది చెప్పలేదు. పరగణా అంతా తిరిగి పురుళ్ళు పోసే మనిషి సగంలో మాట ఆపిందంటే ఆ మిగిలిన సగం ఎవరికైనా అర్థమవుతుంది.

అందుకే కదా తమ్ముడు దొరబాబు వెళ్ళి అక్కను తీసుకొచ్చుకున్నది. తొలి కాన్పుకి పుట్టిల్లు గాని, ఎనిమిదో కాన్పుకి ఎవరొస్తారు? అంబాజీపేట పక్కనే ఊరు, ఎకరం కొబ్బరితోట, రెండు గదుల పెంకుటిల్లు. "అమ్మ లేకపోతే నేను లేనా" అని బావగారిని ఒప్పించి, మెత్తటి బొంత పరిచిన బండిలో పదిరోజుల కిందట తీసుకొచ్చాడు. సీతారత్నం కూడా ముఖం చిట్లించుకోలేదు. వచ్చిన రోజే వేడినీళ్ళు కాచి కాళ్ళకు కాపడం పెట్టింది. మంచి పిల్ల. రమణమ్మ ఆ సంగతి నలుగురితోనూ చెప్పుకుంది కూడా.

కానీ ఎనిమిది ఎనిమిదే. కృష్ణుడు పుట్టిన లెక్క అది. ఎనిమిదో కడుపున దేవకికి దేవుడు పుట్టాడు, ఆమె అన్నకు చావొచ్చింది. మనవాళ్ళు దేవుడి సంగతి కృష్ణాష్టమి నాడు తలుచుకుంటారు. మేనమామ సంగతి మాత్రం ప్రతి ఎనిమిదో కడుపుకీ తలుచుకుంటారు.

మధ్యాహ్నం దొరబాబు భోజనానికి కూర్చున్నప్పుడు సీతారత్నం ఆ మాట చెప్పింది. అతను పప్పులో నెయ్యి కలుపుకుంటున్నవాడల్లా పకపకా నవ్వాడు.

"కంసుడికి మధురా నగరం ఉందే. నాకేముందే, ఎకరం తోట. దానికోసం దేవుడు దిగొస్తాడా?"

"నవ్వకండి. నాకు నవ్వు రావట్లేదు."

రమణమ్మ గదిలోంచి అంతా విన్నది. తమ్ముడి నవ్వు కూడా విన్నది. చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు వాడు ఇలాగే నవ్వేవాడు.

మర్నాటి నుంచి దొరబాబుకి నిలబడడానికి చోటు లేకుండా పోయింది. చెట్టు కింద నిలబడితే సీతారత్నం పరిగెత్తుకొచ్చేది, "ఇవతలికి రండి, కాయ పడుద్ది!" అంటూ. కోనసీమలో కొబ్బరిచెట్టు కింద కాకుండా మనిషి ఎక్కడ నిలబడతాడు? ఇంటి ముందు చెట్టు, వెనక చెట్టు, కాలవ గట్టు పొడుగునా చెట్లు. కాలవలోకి దిగొద్దంది. సైకిలెక్కొద్దంది. కొబ్బరి ఆరబెట్టిన అటక మీదికి నిచ్చెన వేస్తే ఆ నిచ్చెన తీసి పక్కింట్లో పెట్టి వచ్చింది. మొదట్లో దొరబాబు వేళాకోళం చేశాడు. "గోనెసంచిలో పెట్టి మూతి కట్టేయ్, కాన్పయ్యేక విప్పుదువు గాని" అన్నాడు.

తర్వాత వేళాకోళం తగ్గింది.

పెరట్లో పాతిన గునపం దగ్గర అతను కాయ ఒలుస్తుంటే రమణమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని చూస్తూ కూర్చునేది. రెండు చేతులతో కాయ పట్టుకుని మొన మీదికి దించడం, ఒక్క మెలిక తిప్పడం, డొక్క విడిపోవడం, మళ్ళీ ఎత్తి పక్కకి తిప్పి దించడం. మూడు పోట్లకి కాయ బోసిగా బయటికొచ్చేది. పదిహేనో ఏట నుంచి చేస్తున్న పని. మాట్లాడుతూ ఒలిచేవాడు, అటు చూస్తూ ఒలిచేవాడు. ఇప్పుడు మాట్లాడడం లేదు. ప్రతి కాయకీ ముందు గునపం మొన వైపు చూసి, ఒక క్షణం ఆగి, అప్పుడు దించుతున్నాడు. ఆ ఆగడమే గురి తప్పించింది. బుధవారం సాయంత్రం కాయ జారి అరచెయ్యి గీసుకుపోయింది. పెద్ద దెబ్బేం కాదు, పసుపు అద్దితే రక్తం ఆగింది. కానీ సీతారత్నం ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఏడుపు చూసి పక్కింటివాళ్ళు కూడా వచ్చారు.

ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి దొరబాబు లేచిపోయాడు. పెరట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. కూర్చున్నాడు, లేచాడు. రమణమ్మ పిలిస్తే "ఏం లేదక్కా, ఉక్కగా ఉంది" అన్నాడు. గాలి బాగానే వీస్తోంది. తనవల్లే కదా వీడికి ఈ తిప్పలు అనుకుంది. ఆ వెంటనే లోపల బిడ్డ కాలు చాపింది. ఇద్దర్లో ఎవరి పక్షాన నిలబడాలో ఆమెకు తెలియలేదు.

గురువారం పొద్దున చింతపండు గింజ తీస్తూ సీతారత్నం ఎదురుగా వచ్చి కూర్చుంది.

"వదినా, నన్ను తిట్టుకున్నా సరే, లోపల పెట్టుకోలేను. బుల్లోడికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. నాకు అటు వెనకాల ఎవరున్నారు చెప్పండి?"

"నన్ను వెళ్ళిపొమ్మంటావా సీతా?"

"అయ్యో, ఎలా అంటానండీ? నర్సమ్మగారు చెప్పింది నేను వినలేదా? మిమ్మల్ని పంపితే ఆ పాపం ఊరికే పోద్దా?" కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది, "ఆయన్నే ఎక్కడికైనా పంపుదామా అనుకున్నాను. వెళ్ళమంటే వినరు. అందుకని శ్రీరామచంద్రమూర్తిగారికి కబురెట్టేను."

సీతారత్నం మీద కోపం తెచ్చుకుందామని రమణమ్మ చాలా ప్రయత్నించింది. రాలేదు. తను ఆ స్థానంలో ఉంటే నిచ్చెనతో పాటు గునపం కూడా పీకి పక్కింట్లో పెట్టొచ్చేది.

పంచాంగం చూసే శ్రీరామచంద్రమూర్తిగారు ఎండ ఎక్కకముందే వచ్చారు. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టుకుని ఉంటారు. సంగతంతా విని, ముక్కుపొడుం పీల్చి, ఒకే ఒక ప్రశ్న వేశారు.

"ఆ పోయిన శిశువు ఏడ్చిందా?"

రమణమ్మ నోరు తెరిచేలోపు సీతారత్నమే చెప్పేసింది. "లేదండి. చచ్చి పుట్టిందట. ఆ రోజే కనుక్కున్నాను, కాట్రేనికోనలో అందరిదీ అదే మాట. అవును కదా వదినా?"

పెరట్లో గునపం చప్పుడు ఆగింది.

"అందరూ అలాగే అంటారు," అంది రమణమ్మ.

"ఇంకేం మరి!" అన్నారు పంతులుగారు హాయిగా. "ఊపిరి తీసుకోని పిండం సంతానం లెక్కలోకి రాదు. ఇది ఏడో సంతానం. మేనమామకేం దోషం లేదు."

సీతారత్నం ముఖం చూడాలి. వానకి తడిసిన ఆకులా నిగనిగలాడింది. లోపలికెళ్ళి పంతులుగారికి బెల్లం, కొబ్బరికోరు పెట్టి తెచ్చింది. అయితే ఆయన అంతటితో ఊరుకోలేదు. శాస్త్రం తెలిసినవాళ్ళతో వచ్చిన చిక్కే అది.

"రేపు శుక్రవారం. దీపం పెట్టి, తల్లి తన తమ్ముడి దోసిట్లో పసుపు బియ్యం పోసి, 'ఇది నా ఏడో సంతానం' అని తన నోటితో చెప్పాలమ్మా. దాంతో ఇంట్లో అందరి మనసులూ కుదుటపడతాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. దీపం ముందు అబద్ధం ఆడకూడదు. ఆడితే ఆ దోషం కడుపులో బిడ్డకే తగులుతుంది."

"అబద్ధం ఎందుకాడతారండీ," అంది సీతారత్నం.

దొరబాబు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరూ ఏమీ అడగకుండానే "నాకు తోటలో పనుంది" అని వెళ్ళిపోయాడు. ఈసారి చెట్ల కిందికి వెళ్తుంటే సీతారత్నం పిలవలేదు.

ఆ పిల్ల చచ్చి పుట్టలేదు. ఆ సంగతి రమణమ్మకి తెలుసు, ఆమె అత్తగారికి తెలుసు; పురిటిగదిలోకి మగవాళ్ళెవరూ రాలేదు. పురుడు పోసిన మంత్రసాని మరుసటి ఏడే పోయింది. అత్తగారు చెడ్డమనిషి కాదు. "చచ్చి పుట్టిందంటే ఒక పూట దుఃఖం, బతికి పోయిందంటే ఏడాది దుఃఖం. మొదటిదే చెప్పుకుందాం, నీకే తేలిక" అంది. అలా చెప్పుకున్నారు. నెలలు నిండకుండా పొద్దున్నే పుట్టిన పిల్ల సందెదీపం వేళ దాకా ఉంది. అరచేతిలో పట్టేంత తల, పిల్లికూనలా సన్నటి గొంతు. తేలికేమీ కాలేదు. ఇంటిల్లిపాదీ లేదన్నదాన్ని ఒక్కతే ఉందని అనుకుంటూ తొమ్మిదేళ్ళు గడపడం ఎంత బరువో ఆమెకే తెలుసు.

మధ్యాహ్నం ఎండలో చెంగు నెత్తిన వేసుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ నర్సు ఇంటికి వెళ్ళింది. జ్ఞానమ్మ చావట్లో సూదులు మరగబెడుతోంది. రమణమ్మను చూసి గాభరాగా లేచింది.

"నొప్పులా?"

"కాదండి. ఆ కార్డులో ఎనిమిది కొట్టేసి ఏడు రాస్తారేమో అని."

జ్ఞానమ్మ ఆమెను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మొత్తం చెప్పించుకుంది.

"ఏడ్చిందా పిల్ల?"

"ఏడ్చిందండి."

"అయితే నా కార్డు నేను దిద్దను. అదెక్కడికీ పోదు, నా పెట్టెలో ఉంటది. కానీ మీరు మాత్రం రేపు ఏడని చెప్పేయండి."

రమణమ్మ తెల్లబోయి చూసింది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళి, అబద్ధం ఆడొద్దని పిల్లలకు పాఠం చెప్పే మనిషి.

"అలా చూడకండి. నేనేం గొప్పదాన్ని కాదు. మా అమ్మ బల్ల దగ్గర పదమూడుమంది కూర్చుంటే చాలు, కంచం పట్టుకుని లేచిపోయేది. ప్రభువు ఆఖరి భోజనానికి పదమూడుమందిట, వాళ్ళలో ఒకడు ఆయన్ని అమ్మేశాడట. ఈ చేత్తో ఇన్ని సూదులు పొడిచేను, ఇన్ని పురుళ్ళు పోసేను, ఇప్పటికీ పదమూడో మనిషినైతే నాకూ ముద్ద దిగదు. భయం చదువుతో పోయేది కాదండి. మీ మరదలుగారి భయమూ అంతే. ఆవిణ్ణి ఒప్పించేంత టైము మనకు లేదు. మీరు ఇక్కడుండాలి, ఆసుపత్రికెళ్ళాలి, ఆ ఆరుగురి దగ్గరికీ ప్రాణంతో వెళ్ళాలి."

"మరి దీపం ముందు..."

"ఆ పాపం నా మీద వేసుకుంటాను. వెళ్ళండి, ఎండలో నిలబడకండి."

దారిలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది రమణమ్మ. ఏడని చెబితే కడుపులో ఉన్నదానికి దోషం. ఎనిమిదని చెబితే తమ్ముడికి దోషం. ఏమీ చెప్పకుండా కాట్రేనికోన బస్సెక్కితే నర్సు సగంలో ఆపేసిన మాట. నర్సు తన పాపం నెత్తినెత్తుకుంటానంది గాని, పాపాలు అలా చేతులు మారతాయో లేదో ఎవరికి తెలుసు? ఇంటికి చేరేసరికి మాత్రం ఒకటి తేల్చుకుంది. ఏడనే చెప్పేస్తుంది. పోయినదాని పేర ఇంకో అబద్ధం. అది ఇప్పటికే ఒకటి మోస్తోంది, ఇది కూడా మోస్తుంది.

శుక్రవారం పొద్దున సీతారత్నం తలంటుకుని, ఇల్లంతా అలికి, ముగ్గు పెట్టి, ఇత్తడి కుందిలో నువ్వుల నూనె పోసింది. అక్షింతలు కలిపింది. వదినగారికి కూర్చోవడానికి పీట వేసి, నడుముకి ఆనుకోవడానికి బస్తా మడిచి పెట్టింది. ఆ చేతుల్లో ఎంత ప్రేమ ఉందో అంత తొందర కూడా ఉంది. దొరబాబు స్నానం చేసి పంచె కట్టుకుని వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు గాని రెండు చోట్ల తెగింది. కళ్ళు గుంటలు పడ్డాయి. దీపానికి ఎదురుగా కూర్చుని, మోకాళ్ళు ఊపడం మొదలుపెట్టాడు. సీతారత్నం సైగ చేస్తే ఆపి, మళ్ళీ ఊపాడు.

"దోసిలి పట్టు నాయనా," అన్నారు పంతులుగారు.

పట్టాడు. అరచేతిలో గునపం గీత ఎర్రగా ఉంది. రమణమ్మ గుప్పెడు బియ్యం తీసుకుని ఆ దోసిట్లో పోసింది.

"చెప్పమ్మా. 'ఇది నా ఏడో సంతానం' అని."

"ఇది నా..."

చెప్పేసేదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తర్వాత ఎన్నేళ్ళకైనా ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

దొరబాబు దోసిలి విప్పేశాడు. బియ్యం నేలమీద పరుచుకుపోయాయి.

"వద్దక్కా. చెప్పకు."

"ఏవండీ!" అంది సీతారత్నం.

"అది అబద్ధం. దీపం ముందు అబద్ధం ఆడితే బిడ్డకి తగులుద్దని పంతులుగారే కదా అన్నారు."

"అబద్ధమేంటండీ? చచ్చి పుట్టిందని అందరూ..."

"ఆ పిల్లని కాలవ గట్టుకి మోసుకెళ్ళింది నేను."

రమణమ్మకి ముందు అర్థం కాలేదు. తీసుకెళ్ళింది పాలేరని చెప్పారు ఆమెకు. దొరబాబు ఆమె వైపు చూడకుండా, నేలమీద గింజల్ని చూస్తూ మాట్లాడాడు.

"నీకు ఇష్టమని పనసకాయ భుజాన వేసుకుని వచ్చేను ఆ రోజు. వచ్చేసరికి ఇదీ సంగతి. బావగారికి చేతులాడక కూలబడిపోయేరు. మీ అత్తగారు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, చచ్చి పుట్టింది, అక్కకి నువ్వు కనపడకు, నిన్ను చూస్తే ఇంకా బెంగెట్టుకుంటది అన్నారు. సరేనన్నాను. పందొమ్మిదేళ్ళు నాకప్పుడు. గట్టు మీద ఒకసారి గుడ్డ తీసి చూసేనక్కా. మొహం చూడకుండా మట్టిలో ఎలా పెడతాను? ఒళ్ళింకా గోరువెచ్చగా ఉంది. పెదాల పక్కన పాల చుక్క ఉంది."

"చచ్చి పుట్టిన పిల్ల పెదాల మీద పాలెందుకుంటాయండీ?" అని పంతులుగారిని అడిగాడు. నిజంగానే ఆయన జవాబు చెబుతారేమో అన్నట్టు అడిగాడు.

రమణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాగలేకపోయింది ఆ పిల్ల. వేలితో అద్ది పెట్టింది తను. ఆ ఒక్క చుక్క ఎవరూ చూడలేదనుకుంది.

సీతారత్నం గోడకి చేరబడింది. "అయితే ఎనిమిదని మీకు ముందే తెలుసా? తెలిసే తీసుకొచ్చేరా?"

"వేళ్ళ మీద లెక్కెట్టుకుని, బండి కట్టేను."

"నాకొక్క మాట చెప్పేరా? నేను, బుల్లోడు గుర్తు రాలేదా?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"మీకు భయం లేదా అసలు?"

"ఎందుకు లేదూ?" అని అరిచాడు దొరబాబు. "గునపం చూస్తే భయం, చెట్టు చూస్తే భయం. వారం నుంచి అన్నం దిగట్లేదు. భయపడతాను, ఏం చేస్తాను? నా గండం నేను భయపడి దాటుకుంటాను. అక్క చేత ఆ పిల్ల లేదనిపించి మాత్రం దాటను. అప్పుడు కనపడొద్దంటే దాక్కున్నాను. ఆ ఒక్కసారి చాలు."

సీతారత్నం కొంగు మొహానికి కప్పుకుని ఏడ్చింది. ఏడుస్తూనే కిందికి వంగి ఒక్కొక్క గింజా ఏరడం మొదలుపెట్టింది, ఏదో ఒకటి చేయకపోతే ఉండలేక. శ్రీరామచంద్రమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"అయితే ఎనిమిదే," అన్నారు చివరికి. "ఎనిమిదికి శాంతి ఉందమ్మా. లేకేం. ఆపద ఉన్నచోట శాంతీ ఉంటుంది. నూనెలో శిశువు మొహం మేనమామ చూడ్డం, నవగ్రహాలకి దీపాలు. నేను చేయిస్తాను."

"చేయించండి," అంది సీతారత్నం గింజలేరుతూనే. "ఎన్ని దీపాలైనా పెడతాను. వదిన మాత్రం ఇక్కణ్ణించి కదలరు."

"సంతానం పేర్లు వరసగా కావాలి. సంకల్పంలో చెప్పాలి."

సీతారత్నం లేచి, గూట్లోంచి పెన్సిలు, పాత పంచాంగం అట్ట తెచ్చి ఆయన చేతికిచ్చింది. పంతులుగారు అట్ట మోకాలి మీద పెట్టుకున్నారు.

"పెద్దవాడు?"

"అప్పారావండి."

"తర్వాత?"

"సూర్యకాంతం."

"మూడో సంతానం?"

ఆ ప్రశ్న తొమ్మిదేళ్ళలో ఏ మనిషీ రమణమ్మను అడగలేదు. లేనిదానికి పేరుంటుందని ఎవరనుకుంటారు? దొరబాబు మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"పేరు పెట్టేవా అక్కా?"

"మంగతాయారు," అంది.

"అమ్మ పేరు," అన్నాడు దొరబాబు.

"ఆఁ. చెవిలో చెప్పేను. ఒక్కసారే."

పంతులుగారి పెన్సిలు కదలకపోతే సీతారత్నం ఆయన పక్కకి వచ్చి వంగి చూసింది. "రాసేరా అండీ? మంగతాయారు. మూడోది. సరిగ్గా రాయండి."

"రాశానమ్మా," అన్నారాయన. "తర్వాత?"

తర్వాత ఇంకా నలుగురున్నారు. ఆ నాలుగు పేర్లు చెప్పడానికి రమణమ్మకి చాలాసేపు పట్టింది.